రైస్ మిల్లు స్థలంలో అయిదు సెంట్ల తేడా

దస్తావేజులో ఎకరం 42 సెంట్లు. టేపు పట్టి కొలిస్తే ఎకరం 37. ఊరి మధ్య పాత స్థలాల్లో ఇలాంటి తేడా రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. తాతల నాటి గొలుసు కొలత, ఎక్కడో రాయి కదిలి ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని, దరఖాస్తులో దస్తావేజు అంకెనే వేశాను. ఈ కేసంతా ఆ అయిదు సెంట్లలోనే ఉంది.

నేను ఎల్‌టీపీని, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుణ్ని. ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు, జోన్ మార్పు ఫైళ్లు తయారుచేసి మున్సిపల్ కార్యాలయంలో దాఖలు చేయడం, అవి ఏ బల్ల మీద ఆగాయో కనుక్కుంటూ తిరగడం నా జీవనోపాధి. ఈ కేసు కోస్తా ఆంధ్రలోని ఒక మున్సిపాలిటీది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. అప్పటికి ఆ ఊరు ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకీ రాలేదు కాబట్టి పాత పద్ధతిలోనే, కౌన్సిల్ తీర్మానంతో మొదలై సచివాలయం దాకా నడిచిన ఫైలు ఇది.

స్థలం ఒక రైస్ మిల్లుది. ఉప్పుడు బియ్యం ఆడించే మిల్లు, మూడు తరాలు నడిచి మూతపడింది. కట్టినప్పుడు ఊరి చివర ఉండేదట. ఊరు పెరిగి చుట్టూ కమ్ముకుంది. ఉత్తరాన మెయిన్ రోడ్డు, తూర్పున లారీలు తిరిగిన సందు, పడమర గోదాములు, దక్షిణాన ముప్పై నలభై ఇళ్లున్న ఒక వీధి వెనక భాగం. ఊక గాలికి లేచి బట్టల మీద పడుతోందని ఆ వీధివాళ్లు ఏళ్ల తరబడి పోట్లాడారు. మిల్లు మూతపడ్డాక వాళ్ల కంటే సంతోషించినవాళ్లు లేరు. మాస్టర్ ప్లాన్‌లో మాత్రం ఆ స్థలం ఇంకా పారిశ్రామిక వినియోగమే, ఊదా రంగు. చుట్టూ పసుపు, అంటే నివాసాలు. మధ్యలో ఈ ఊదా ముక్క దెబ్బ తగిలి కమిలినట్టు కనిపించేది.

షావుకారు గారి కొడుకులిద్దరూ అక్కడ దుకాణాల సముదాయం, పైన ఫంక్షన్ హాలు కడదామనుకున్నారు. అందుకు ఊదాను నీలం చేయాలి, అంటే పారిశ్రామికం నుంచి వాణిజ్యానికి మార్చాలి. మొదటి రోజే చిన్నకొడుకు అడిగాడు: “నాలా కట్టేశాం కదండీ, ఇంకా మార్పేమిటి?” అప్పట్లో నెలకు ఇద్దరైనా ఈ ప్రశ్న అడిగేవారు. నాలా అనేది 2006 చట్టం కింద సాగుభూమిని సాగేతర అవసరానికి మార్చినందుకు అప్పట్లో రెవెన్యూ శాఖకు కట్టవలసి వచ్చిన రుసుము. అది కడితే ఆ భూమి పొలం కాదని తేలేది. దాని మీద ఏం కట్టవచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. మొదటిది తహసీల్దారు, ఆర్డీఓల లోకం, రెండోది టౌన్ ప్లానింగ్ లోకం. ఒక లోకంలో ఇచ్చిన రసీదు రెండో లోకంలో చెల్లేది కాదు.

మాస్టర్ ప్లాన్‌లో ఒక ముక్క రంగు మార్చడానికి మాకున్న ఆధారం మద్రాసు ప్రెసిడెన్సీ నాటి 1920 పట్టణ ప్రణాళిక చట్టం. అందులో 15వ సెక్షను, రెండో ఉపవిభాగం, క్లాజు ఏ. ఈ క్లాజును నిద్రలో లేపి అడిగినా అప్పచెప్పగలను. దరఖాస్తు కమిషనర్‌కు వెళ్తుంది. టౌన్ ప్లానింగ్ అధికారి స్థలం చూసి నివేదిక రాస్తారు. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది. ప్రాంతీయ ఉప సంచాలకుల మీదుగా డీటీసీపీకి, అంటే రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళిక సంచాలకుల కార్యాలయానికి, అక్కడి నుంచి పురపాలక శాఖకు పోతుంది. ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్‌ను గెజిట్‌లో వేసి 15 రోజుల గడువిస్తుంది. అభ్యంతరాలు చూసి తుది ఉత్తర్వు ఇస్తుంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీల పనులు 18 ఉంటే, మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ, భవన నిర్మాణ నియంత్రణ. అంత పైన రాసిపెట్టినా కౌన్సిల్ చేసేది సిఫారసే, సంతకం సచివాలయానిదే. ఈ సంగతి కౌన్సిలర్లకు బాగా తెలుసు. అందుకే ఈ అంశాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మా అంశం అజెండాలో చివరి వరసలో ఉంది. నేను వెనక కుర్చీల్లో కూర్చున్నాను. ముందు వేసవి నీటి ట్యాంకర్ల బిల్లుల మీద గంటకు పైగా గొడవ జరిగింది. ఒకాయన కాగితాలు చింపాడు, ఇంకొకాయన పోడియం ముందు బైఠాయించాడు. టీ వచ్చాక అందరూ చల్లబడ్డారు. గుమాస్తా అంశాల నంబర్లు గబగబా చదువుతుంటే, చదివినట్టే భావించి ఆమోదిస్తూ పోయారు. మా నంబరు వచ్చినప్పుడు ఆ వార్డు కౌన్సిలర్, నలభై ఏళ్ల గృహిణి, లేచి అడిగింది: “అధ్యక్షా, అక్కడ మా వీధి తూము సంగతేమిటి?”

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత వేదిక మీద నుంచి జవాబొచ్చింది: “అది ఇంజినీరింగ్ విభాగం చూసుకుంటుందమ్మా, ఇది ప్లానింగ్ అంశం.” ఆమె కూర్చుంది. మినిట్స్ పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. ఉన్నది ఇంతే: “పై అంశమును పరిశీలించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.” మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. బయటికి వచ్చి షావుకారు గారి పెద్దకొడుక్కి ఫోను చేసి, అయిపోయిందని శుభవార్త చెప్పాను. తూము అన్న మాట నా చెవిన పడింది. పడినా పట్టించుకోలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అయిదు సెంట్లయితే రెండోది ఇది.

ముసాయిదా గెజిట్‌లో వచ్చేసరికి చాలా నెలలు గడిచాయి. ఈ నోటిఫికేషన్లు చూడనివారికి ఒక మాట చెప్పాలి. అందులో అసలు పదార్థమంతా చివర ఉంటుంది. పైన షరతులు వరసగా అచ్చుపోసినట్టు ఉంటాయి: కన్వర్షన్ చార్జీలు 1996 నాటి జీవో 158 ప్రకారం కట్టాలి, ఈ మార్పును భూమి హక్కుకు రుజువుగా వాడుకోకూడదు, దీనివల్ల ఎవరికి నష్టం కలిగినా దరఖాస్తుదారుదే బాధ్యత, పని మొదలుపెట్టే ముందు సాంకేతిక అనుమతి తీసుకోవాలి, రోడ్డు వెడల్పులో పోయే భాగాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో ఉచితంగా అప్పగించాలి. చివరన హద్దుల షెడ్యూలు, నాలుగు వరసలు. మ్యాపులో ఏ, బీ, సీ, డీ అని గుర్తించిన స్థలానికి నాలుగు దిక్కులా ఏమున్నాయో అక్కడుంటుంది. మాది ఇలా వచ్చింది: ఉత్తరం 41 అడుగుల రోడ్డు, 60 అడుగులకు వెడల్పు చేయవలసినది. తూర్పు సందు. పడమర ఇతరుల గోదాములు. దక్షిణం ఇతరుల ఇళ్లు.

ఆ హద్దులు రాసిచ్చింది నేనే. దస్తావేజులోవి ఎత్తి రాశాను.

అభ్యంతరాలుంటే 15 రోజుల్లో, రాతపూర్వకంగా, సచివాలయంలో ముఖ్య కార్యదర్శి పేరిట పంపాలి. మ్యాపు మున్సిపల్ కార్యాలయంలో చూసుకోవచ్చు. గెజిట్ ఎవరు చదువుతారు? అందులో పేరు మార్చుకున్నవాళ్లు తమ పేరు చూసుకోవడానికి చదువుతారు. మ్యాపు చూద్దామని నేనే ఒకసారి వెళ్తే బీరువా తాళం సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉందన్నారు. స్థలం దగ్గర బోర్డు పెట్టే ఆనవాయితీ మా ఊళ్లో లేదు. ప్రహరీకి ఒక కాగితం అంటించినా ఆ నలభై ఇళ్లవాళ్లకు తెలిసేది.

తెలిసింది వేరే దారిలో. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా మధ్యాహ్నం ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చాడు. ఆ మిల్లులో ముఠా మేస్త్రిగా, అంటే హమాలీల పెద్దగా పనిచేసినవాడు, ఉండేది ఆ వెనక వీధిలోనే. షావుకారు గారింట్లో పాత కాటా అమ్మకానికి వెళ్తే అక్కడ బల్ల మీద మ్యాపు కనిపించిందట. “ఇంజినీరు గారూ, ఆ పటం ఒకసారి చూపించండి” అన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి, వేలితో నీలం మీద రాస్తూ అన్నాడు:

“ఇంత నీలం వేశారే. నీళ్లు నిలుస్తాయని మీకూ తెలుసన్నమాట.”

నవ్వొచ్చింది. నీలమంటే నీళ్లు కాదు, వ్యాపారం అని చెప్పబోయి ఆగిపోయాను. “నీళ్లెందుకు నిలుస్తాయి మేస్త్రీ?” అన్నాను. అప్పుడు చెప్పాడు. మిల్లు దక్షిణపు గోడకూ ఆ ఇళ్ల వెనక గోడలకూ మధ్య ఒక కాలువ ఉంది. వీధి పల్లంలో ఉండడంతో వాన నీళ్లు, వాడుక నీళ్లు అన్నీ అందులోకే వస్తాయి. పడమర నుంచి తూర్పుకు పారి, లారీలు ఎక్కే ర్యాంపు కింద తూములోంచి సందులోని పెద్ద డ్రెయినులో పడతాయి. మిల్లు నడిచినన్నాళ్లూ తొలకరికి ముందు ముఠా మనుషులతో ఆ తూములో ఊక తీయించింది తనే. పెద్ద షావుకారు, అంటే వీళ్ల తాత, గోడ కట్టేటప్పుడు కాలువ కోసం లోపలికి జరిగి కట్టుకున్నాడట.

ఆ సాయంత్రమే వెళ్లాను. గోడ వెనక కంపచెట్లు, పాత టైర్లు, మధ్యలో నల్లటి నీళ్లు మెల్లగా కదులుతున్నాయి. ర్యాంపు మూలలో వంగి చూస్తే ఇటుక కమాను కనిపించింది, సున్నపు పని, మూడొంతులు పూడిపోయి ఉంది. కాలువ వెడల్పు గట్లతో కలిపి పది అడుగులు. పొడవు మిల్లు వెడల్పంతా, 220 అడుగులు. పదిని 220తో హెచ్చవేస్తే 2,200 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు. లెక్క అక్కడే నిలబడి ఫోనులో వేశాను: అయిదు సెంట్లు, ఇంకా చిల్లర.

గొలుసు తప్పలేదు, రాయీ కదల్లేదు. గోడ లోపల 37, గోడ బయట కాలువ కింద 5. దస్తావేజు ప్రకారం కాలువ ఉన్న నేల మిల్లుదే. అందువల్ల మున్సిపాలిటీ డ్రెయిన్ల పట్టికలో అది లేదు. అక్కడ లేదు కనుక ఇంజినీరింగ్ విభాగానికి తెలియదు. మాస్టర్ ప్లాన్ స్కేలులో అది గీతంత కూడా ఉండదు. నేను డీ నుంచి సీ వరకు గీసిన గీత ఇళ్ల గోడలను తాకుతూ పోయింది. ఆ గీత ఖాయమైతే కాలువ వాణిజ్య స్థలం లోపలికి వస్తుంది. రేపు పూడ్చి సెల్లారు తవ్వినా ఏ కాగితమూ అడ్డు చెప్పదు.

మేస్త్రి మనవడు అప్పటికే ఉత్తరం రాసి ఉంచాడు. “మున్సిపల్ కమిషనర్ గారి దివ్య సముఖమునకు” అని మొదలైంది. వెనక, పాత ధాన్యం బిల్లు కాగితం మీద మేస్త్రి గీసిన పటం. కాలువకు బాణం గుర్తు, తూముకు సున్నా, ఏ ఇంట్లోకి ముందు నీళ్లొస్తాయో ఆ ఇంటికి ఇంటూ గుర్తు. నేను చూసిన సైట్ ప్లాన్లలో అంత స్పష్టమైనవి తక్కువ. కానీ కమిషనర్‌కు ఇస్తే అది ఇన్‌వార్డు రిజిస్టరులో పడి ఉంటుంది. నోటిఫికేషన్ ప్రకారం అభ్యంతరం కిందికి రాదు. ఎవరికి రాయాలో, ఏ ఫైలు నంబరు వేయాలో చెప్పాలా వద్దా? నాకు ఫీజు ఇస్తున్నది మిల్లువాళ్లు. చెప్పాను. మర్నాడు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. అదే రోజు వెళ్లి మిల్లువాళ్లకూ చెప్పాను. వేరే నోటి ద్వారా తెలిస్తే ఇంకా పాడవుతుంది.

“నువ్వు ఎవరి ఇంజినీరువయ్యా?” అన్నాడు పెద్దకొడుకు. ఆయన కోపంలో న్యాయముంది. దక్షిణాన అయిదు సెంట్లు. ఉత్తరాన రోడ్డు వెడల్పుకు తొమ్మిదిన్నర అడుగుల చొప్పున దాదాపు మరో అయిదు. మెయిన్ రోడ్డు మీద పది సెంట్లంటే ఆ ఇంట్లో పెళ్లి ఖర్చు. నేను నీతులు చెప్పలేదు. మొదటి వానకే ఆ ఇళ్లు మునిగితే వాళ్లు హైకోర్టుకు వెళ్తారు, సగం లేచిన భవనం మీద స్టే వస్తుంది, బ్యాంకు వడ్డీ ఆగదు అని చెప్పాను. పక్కింటివాళ్లకు కోర్టుకెళ్లే హక్కెక్కడిదని చిన్నకొడుకు వాదించాడు. బెంగుళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కట్టబెడితే చుట్టుపక్కల నివాసులు పోరాడారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల హక్కును గుర్తించి ఆ కేటాయింపును కొట్టేసింది. ఆ తీర్పు సంగతి వాళ్ల వకీలే చెప్పాడు. నా మాట మీద కంటే వకీలు మాట మీద గురి ఎక్కువ, అది సహజమే. అయినా రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

అభ్యంతరం మీద ప్రభుత్వం డీటీసీపీని నివేదిక అడిగింది. ప్లానింగ్, ఇంజినీరింగ్ విభాగాలవాళ్లు కలిసి స్థలం చూశారు. ఒకే కార్యాలయంలో పక్కపక్క గదుల్లో కూర్చునే ఇద్దరు అధికారులు ఆ స్థలం మీద కలిసి నిలబడడం అదే మొదటిసారి. మేస్త్రి ముందు నడిచి కంప పక్కకు లాగి తూము చూపించాడు. కౌన్సిలర్ కూడా వచ్చింది. “నేను ఆ రోజే అడిగాను కదండీ” అంది నా వైపు చూసి. నా దగ్గర సమాధానం లేదు.

తుది ఉత్తర్వులో పది అడుగుల పట్టీని వాణిజ్య వినియోగం నుంచి తప్పించారు. దాన్నీ, రోడ్డు భాగాన్నీ కలిపి గిఫ్ట్ డీడ్ చేయించారు. మ్యాపు మళ్లీ గీశాను. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 19 నెలలు. ఫంక్షన్ హాలు ఆలోచన మానుకున్నారు. నీటి వల్ల కాదు, అన్నదమ్ములు పంచుకోవడం వల్ల. దుకాణాలు మాత్రం వచ్చాయి, బాగానే నడుస్తున్నాయి.

ఈ ఫైలు తర్వాత కామారెడ్డి వార్తలు చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ బిల్లు కాగితం వెనక పటమే. కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలకు 2023 జనవరి 11 దాకా గడువుంది. చుట్టుపక్కల గ్రామాల రైతులు ఆ మ్యాపును తెచ్చుకుని తమ సర్వే నంబర్లు వెతుక్కున్నారు. తమ పంట పొలాలు పారిశ్రామిక జోన్‌లో, ప్రతిపాదిత రోడ్ల కింద ఉన్నాయని వాళ్లంతట వాళ్లే చదువుకున్నారు. జనవరి మొదటివారంలో ఒక రైతు ఆత్మహత్య, 5న కలెక్టరేట్ ముట్టడి, మర్నాడు బంద్. ఇది ముసాయిదా మాత్రమే, జోన్ వేసినంత మాత్రాన భూమి పోదు అని పాలకులు చెప్పారు. నా వృత్తి కోణంలో ఆ మాట తప్పు కాదు. మా నోటిఫికేషన్ షరతుల్లోనే ఉంది, రంగుకూ హక్కుకూ సంబంధం లేదని. కానీ రంగు మారిన పొలాన్ని కూతురి పెళ్లికి అమ్మబోతే ఏ ధర పలుకుతుంది, అందులో ఇల్లు కట్టుకోబోతే అనుమతి వస్తుందా? రైతు భూమి పోయిందన్నప్పుడు ఆ అర్థంలోనే అంటాడు. జనవరి 20న ఆ కౌన్సిల్ ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే జరిగింది.

అక్కడ వందల ఎకరాలు, వేల మంది, ఊరంతా చదివిన మ్యాపు. మా దగ్గర ఎకరంన్నర కూడా లేదు, చదివినవాడు ఒక్కడు. ఊరంతటి ప్లాన్ మారితే జనం రోడ్డెక్కుతారు, ఒక్క ముక్క మారితే ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి అలా ముక్కముక్కగా మారిన మార్పుల్లో ఎన్ని కాలువలు పోయాయో లెక్క తీసినవాళ్లు లేరు. వాటిలో కొన్ని నేను గీసినవీ అయి ఉండవచ్చు. ఆ అనుమానం పోవడం లేదు.

ఇప్పుడు నా పద్ధతి కొంత మార్చుకున్నాను. దస్తావేజు కొలతకూ నేల కొలతకూ తేడా వస్తే అది ఎక్కడుందో దొరికేదాకా సంతకం చేయను. పాత పద్ధతిలో రెండు రోజుల్లో తేలే పనికి వారం పడుతోంది, ఒకరిద్దరు కక్షిదారులు వేరేవారి దగ్గరికి వెళ్లిపోయారు కూడా. స్థలం ఒకసారి వానలో చూడాలని ఉంటుంది, ప్రతిసారీ కుదరదు. కౌన్సిల్‌లో ఎవరైనా ప్రశ్న అడిగితే అది మినిట్స్‌లోకి ఎక్కిందో లేదో మర్నాడు వెళ్లి చూస్తాను.

తుది ఉత్తర్వు చేతికొచ్చిన రోజు మేస్త్రి ఇంటికి వెళ్లాను. అది ఇంగ్లీషులో ఉంది. హద్దుల వరసలు తెలుగులో చదివి చెప్పమన్నాడు. ఉత్తరం చదివాను, తూర్పు, పడమర చదివాను. దక్షిణం దగ్గరకొచ్చేసరికి మనవణ్ని టీవీ ఆపమన్నాడు.

“దక్షిణం: 10 అడుగుల మురుగు కాలువ, ఆ తర్వాత ఇతరుల ఇళ్లు.”

ఇంకోసారి చదివించుకున్నాడు. జిరాక్సు ఒకటి కావాలన్నాడు, ఇచ్చాను. దాన్ని వెలుగులో పట్టుకుని ఆ వరస ఎక్కడుందో వేలు పెట్టించుకుని, “పది అడుగులని అంకెల్లోనే వేశారా, అక్షరాల్లో కూడా ఉందా?” అని అడిగాడు.

అంకెల్లోనే ఉంది మేస్త్రీ అన్నాను.

“అక్షరాల్లో కూడా వేయించవలసింది” అన్నాడు.